ఇంజినీరింగ్ కోర్సులు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఎంచుకోవాలి?

అనంతపురంలో చెనిక్కాయలు కొనే వ్యాపారి మూట చూసి ధర చెప్పడు. గుప్పెడు కాయలు ఒలిచి, గింజ చూశాకే నోరు విప్పుతాడు. కాలేజీలో మేం మాత్రం పాఠాలు చేసే సాఫ్ట్‌వేర్ డెమో చూసి చెక్కు రాసేశాం. ప్రొజెక్టర్ మీద గేర్లు గిర్రున తిరిగాయి, అందరం తలలూపాం. రెండో ఏడు లైసెన్సు డబ్బు కట్టడం ఆలస్యమైంది. అంతే, నలుగురం వేసవి సెలవులు పోగొట్టుకుని చేసిన పాఠాల్లో ఒక్క అక్షరం కూడా దిద్దుకోలేకపోయాం. బాడుగ ఇంట్లో సొంత డబ్బుతో బోరు వేయించుకున్నట్టయింది.

ఇప్పుడు ఎవరడిగినా ఈ వరసలో చేయమంటున్నా.

1. ముందు ఒక పాఠం తీసుకోండి

సాఫ్ట్‌వేర్ పేర్లు తర్వాత చూద్దాం. మీ సబ్జెక్టులో పిల్లలు బాగా తడబడే పాఠం ఒకటి ఎంచుకోండి. తేలికైన పాఠం దేంట్లో చేసినా బాగానే కనిపిస్తుంది కాబట్టి అది పనికిరాదు. నాదైతే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లు, అంటే బీమును వంచే ప్రభావం ఏ చోట ఎంతుందో చూపే బొమ్మలు. చూడదలచుకున్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ ఒక్క పాఠాన్నే మీ చేత్తో తయారు చేయండి. కంపెనీ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి గానీ మౌస్ ఆయన చేతికివ్వకండి.

2. కావలసింది ఏదో తేల్చుకోండి

పాఠం తయారు చేసేది ఒకటి, ఆ పాఠాన్ని పిల్లలకు చూపించి మార్కులు నమోదు చేసేది మరొకటి. స్టోరీలైన్, ఐస్ప్రింగ్, క్యాప్టివేట్ మొదటి రకం. మూడుల్ రెండో రకం, దాన్ని ఎల్‌ఎంఎస్ (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అంటాం. అయితే మూడుల్‌లో హెచ్‌ఫైవ్‌పీ అనే పాఠాలు చేసే పనిముట్టు కూడా ఉంటుంది కాబట్టి మధ్యలో ప్రశ్నలడిగే వీడియోల వంటివి అక్కడే చేసుకోవచ్చు. మూడుల్, హెచ్‌ఫైవ్‌పీ రెండూ ఉచితం. కాకపోతే సర్వరుకు ఖర్చవుతుంది, దాన్ని చూసుకునే మనిషీ ఉండాలి. స్క్రీన్ రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో చాలు, అదీ ఉచితమే.

3. లెక్కతో పరీక్షించండి

ఇంజినీరింగ్ కోర్సుకు అసలు పరీక్ష ఇదే. మూడు మీటర్ల సింప్లీ సపోర్టెడ్ (రెండు కొసలా ఆధారాల మీద ఆనించిన) బీము, ఎడమ కొస నుంచి మీటరు దూరంలో 10 కిలోన్యూటన్ల లోడు. గరిష్ఠ బెండింగ్ మూమెంట్ 6.67 కిలోన్యూటన్ మీటర్లు. దీన్ని క్విజ్‌లో పెట్టి, మీరే విద్యార్థిగా లాగిన్ అవండి. ఒకసారి 6.66 అని, ఇంకోసారి 6.7 అని కొట్టండి. ఆ తర్వాత 6667 న్యూటన్ మీటర్లు అని కొట్టి చూడండి. అన్నిటికీ ఎర్ర గుర్తు పడిందంటే ఆ సాఫ్ట్‌వేర్ భాషల కోర్సులకు బాగుంటుందేమో గానీ మనకు కుదరదు. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో, ఏ యూనిట్లు చెల్లుతాయో మనం చెప్పగలగాలి.

అంకెలు మార్చడం ఇంకా ముఖ్యం. అందరికీ ఒకే బీము ఇస్తే ముందు బెంచీ కుర్రాడి జవాబు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో హాస్టలంతా తిరిగేస్తుంది. మూడుల్‌లో కాలిక్యులేటెడ్ ప్రశ్న అని ఉంది. లోడు, దూరం దగ్గర అంకెలకు బదులు అక్షరాలు పెట్టి సూత్రం రాస్తే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క పడుతుంది. జవాబుగా సమీకరణమే రాయించాలంటే స్టాక్ అనే ప్లగిన్ (మూడుల్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాము) వేసుకోవాలి. విద్యార్థి రాసింది మన సమీకరణంతో సమానమో కాదో అది బీజగణితం చేసి మరీ తేలుస్తుంది.

ల్యాబ్ ప్రయోగాల సిమ్యులేషన్లు మొదలుపెట్టే ముందు కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ చూడండి. ఉన్నదాన్ని మళ్లీ చేయడమెందుకు, లింకు పెడితే సరిపోతుంది.

4. తెలుగు, ఫోను

తెరపై "ఉష్ణోగ్రత", "స్త్రీ" అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడితే అక్కడే వదిలేయండి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన పాత నోట్సును నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఆ తర్వాత పాఠాన్ని ఫోనులో వేసుకుని కళ్యాణదుర్గం బస్సెక్కండి. మా పిల్లల్లో చాలామంది చదువు ఆ బస్సులోనే. సిగ్నల్ పోతే పాఠం ఆగుతోందా? మూడుల్ యాప్‌లోనైతే చాలా పాఠాలు ముందే దింపుకుని నెట్ లేకుండా చూడొచ్చు. బొమ్మలోని అంకెలు చిన్న తెరపై కనిపిస్తున్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

5. బయటపడే దారి అడగండి

"చందా మానేస్తే మా పాఠాలేమవుతాయి?" ఈ ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. బ్రౌజర్లలో యానిమేషన్లు ఆడించే ఫ్లాష్‌ను అడోబ్ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఆపేసినప్పుడు ఎన్నో పాఠాలు తెరుచుకోకుండా పోయాయి. అందుకని పాఠం ఇప్పటి బ్రౌజర్లన్నీ చదివే హెచ్‌టీఎంఎల్5లో బయటికి రావాలి, స్కార్మ్ ప్యాకేజీగా (ఏ ఎల్‌ఎంఎస్‌లోనైనా పెట్టుకునేలా పాఠాన్ని మూటగట్టే పద్ధతి) దిగాలి. మూడుల్‌లో పెట్టేటట్టయితే స్కార్మ్ 1.2 ఎంచుకోండి, 2004 వెర్షన్‌తో తంటాలొస్తాయి. దిద్దుకోవడానికి వీలైన మూల ఫైళ్లు కాలేజీ కంప్యూటర్‌లో ఉండాలి, ఒక్క లెక్చరర్ పెన్‌డ్రైవ్‌లో కాదు.

నన్నడిగితే చిన్న కాలేజీలు మూడుల్, హెచ్‌ఫైవ్‌పీతో మొదలుపెట్టాలి. వాటితో కుదరని పాఠం ఎదురయ్యాకే, అదీ ఒక్క లైసెన్సు కొనాలి. దానికి ముందు ట్రయల్ ఎలాగూ ఇస్తారు. దాన్ని సెమిస్టర్ పరీక్షలప్పుడు మాత్రం మొదలుపెట్టకండి, ఉన్న నాలుగు రోజులూ ఇన్విజిలేషన్‌లోనే పోతాయి.