కథ మధ్యలో ఆగే స్పైడర్‌మ్యాన్ చిత్రాన్ని ఎలా చూడాలి

‘స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్’ అనే యానిమేషన్ చిత్రం 2023 జూన్‌లో విడుదలైనప్పుడు, రెండు గంటల ఇరవై నిమిషాల పాటు ఊపిరి సలపనివ్వకుండా సాగిన కథ ఉన్నట్టుండి ‘ఇంకా ఉంది’ అని ఆగిపోవడంతో చాలామంది ప్రేక్షకులు అవాక్కయ్యారు. 2021లో ‘మొదటి భాగం’ అన్న తోకతో ప్రకటించిన చిత్రానికి మరుసటి ఏడాది ఆ తోక కత్తిరించడం కూడా ఇందుకు కొంత కారణం. చూసే పద్ధతి తెలిస్తే మాత్రం ఆ ముగింపు ఆనవాళ్లు ముందునుంచీ కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడినుంచి కథ బయటపడుతుంది కాబట్టి, చిత్రం చూడనివారు చూశాకే మిగతాది చదవడం మంచిది.

ముందుగా దీనికి మొదటి భాగమైన, 2018లో వచ్చిన ‘ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ చూడండి. అందులో స్పైడర్‌మ్యాన్‌గా మారే కుర్రాడు మైల్స్ మొరాలెస్‌ను కుట్టిన సాలీడు ఒంటిమీద 42 అనే అంకె ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, పాత్రల వంశవృక్షాలన్నీ వల్లె వేయనక్కరలేదు.

రెండో చిత్రంలో మైల్స్ కన్నా ముందు మరో విశ్వానికి చెందిన స్పైడర్ అమ్మాయి గ్వెన్ స్టేసీ మీద దృష్టి నిలపండి. నా అభిప్రాయంలో ఇది ఆమె సినిమా. డ్రమ్స్ వాయిస్తూ కథ మొదలుపెట్టేది ఆమే, చివర తన సొంత జట్టును కూడగట్టేదీ ఆమే. ఆమె లోకం నీటిరంగుల చిత్రంలా ఉంటుంది, ఆమె మనఃస్థితిని బట్టి వెనుకనున్న గోడల రంగులు మారుతుంటాయి, కరిగి కారుతుంటాయి. పోలీసు అధికారి అయిన తండ్రితో ఆమె తలపడే సన్నివేశాన్నీ, తర్వాత ఆయనతో రాజీపడే సన్నివేశాన్నీ ఒకదాని వెంట ఒకటి చూస్తే, మైల్స్ కథ అసంపూర్ణంగా మిగిలినా గ్వెన్ కథ మాత్రం నిండుగా ముగిసిందని స్పష్టమవుతుంది. సగం సినిమా చూపించి పంపేశారన్న ఫిర్యాదు నాకు సబబుగా తోచకపోవడానికి కారణం ఇదే.

మలిసారి చూసేటప్పుడు, మైల్స్‌ను ఇంటికి పంపే యంత్రం దగ్గర కాసేపు ఆపండి. అది మనిషి డీఎన్‌ఏను చదివి సొంత విశ్వానికి చేరుస్తుంది. ఈ కథలో ఒక్కో విశ్వంలోని భూమికి ఒక్కో అంకె ఉంటుంది. మైల్స్‌ది 1610వ భూమి, అయితే అతన్ని కుట్టిన సాలీడు 42వ భూమిది కావడంతో యంత్రం అతన్ని అక్కడికే పంపేస్తుంది. అక్కడినుంచి ప్రతి వివరమూ ఒక హెచ్చరికే. తానే స్పైడర్‌మ్యాన్‌నని అతను చెబితే, స్పైడర్‌మ్యాన్ ఎవరని తల్లి అడుగుతుంది. మొదటి చిత్రంలో చనిపోయిన బాబాయి ఆరన్ సజీవంగా ఎదురవుతాడు. తండ్రి బొమ్మ సంస్మరణ చిత్రంగా గోడ మీద ఉంటుంది. ప్రౌలర్ అనే దుష్టుడి ముసుగు తొలగి మరో మైల్స్ ముఖం కనిపించేసరికి, ఆ సంగతి మనకు అప్పటికే సగం తెలిసిపోయి ఉంటుంది.

మూడో భాగాన్ని మొదట 2024 మార్చికి ప్రకటించి, తర్వాత వాయిదా వేశారు. అది వచ్చినప్పుడు చూడబోయే ముందు రెండో చిత్రమంతా మళ్లీ చూసే తీరిక లేకపోతే, యంత్రం సన్నివేశం నుంచి చివరిదాకా చూసి మూడు విషయాలు మనసులో ఉంచుకోండి: సొంత విశ్వంలో మైల్స్ తండ్రికి పొంచి ఉన్న మరణం, అంతకంతకూ బలపడుతున్న ప్రతినాయకుడు స్పాట్, 42వ భూమిలో బందీగా ఉన్న మైల్స్.