ఒపేరా పోటీ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: ముందు రేడియో, తర్వాతే టీవీ

కిందటి రెండు పాఠాల్లో గొంతుల రకాలు, ఒపేరాలో (పాటలతోనే నడిచే నాటకంలో) ఒక్కరే పాడే ఆరియా అంటే ఏమిటి, ఆర్కెస్ట్రాకీ పాడేవాళ్లకీ మధ్య కండక్టర్ పని ఏమిటి లాంటివి చూశాం. సొప్రానోకీ (ఆడ గొంతుల్లో అన్నిటికంటే పైది) మెజ్జోకీ (దానికి కాస్త కిందిది) తేడా ఇంకా చెవికి పట్టుబడకపోయినా టెన్షన్ పడకండి, ఇవాళ్టి పాఠానికి అది అడ్డం రాదు. ఇవాళ నేర్చుకోవాల్సింది ఒకటే పద్ధతి: ఒకరి పాటని ముందు రేడియోలో విని, మన తీర్పు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే టీవీలో చూడటం. ఈ వరస తిరగేస్తే ఎందుకు పనికిరాదో పాఠం సగానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

సాధనకి నేను తీసుకుంటున్న పోటీ ‘బీబీసీ కార్డిఫ్ సింగర్ ఆఫ్ ది వరల్డ్’. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో సెయింట్ డేవిడ్స్ హాల్ తెరిచిన సందర్భంగా బీబీసీ వేల్స్ 1983లో దీన్ని మొదలుపెట్టింది, అంటే ప్రసార సంస్థే పెట్టిన పోటీ, హాల్లో లేనివాళ్లని కూడా మొదటినుంచీ లెక్కలో పెట్టుకున్న పోటీ. రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చింది. మొదటి ఏడాది గెలిచింది ఫిన్లాండ్ సొప్రానో కరీతా మత్తిలా, ఆ తర్వాత ఆవిడ ప్రపంచంలోని పెద్ద ఒపేరా హౌస్‌లన్నిట్లో పాడింది. హాల్ పైకప్పులో పాతకాలపు తేలిక కాంక్రీటు పలకలు ఉన్నాయని 2023 సెప్టెంబర్‌లో దాన్ని మూసేశారు, 2025లో పోటీ జరగలేదు. కాబట్టి ప్రస్తుతానికి మన చేతికి దొరికేవి పాత ప్రసారాలే, నేర్చుకునేవాళ్లకి నిజానికి అవే మేలు, ఎందుకంటే ఆపి మళ్లీ వినొచ్చు.

పోటీ నడిచే తీరు చాలా సులువు. ఒక్కో రౌండ్‌లో నలుగురో ఐదుగురో పాడతారు, ఒక్కొక్కరూ తమకి నచ్చిన ఆరియాలు ఎంచుకుని పూర్తి ఆర్కెస్ట్రాతో పాడతారు, ఫైనల్‌కి ఐదుగురు వెళ్తారు. పియానోతో పాడే పాటలకి వేరే బహుమతి ఉంది, దాన్ని సాంగ్ ప్రైజ్ అంటారు, దాని గురించి ఇంకో పాఠం పెట్టుకుందాం. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి: రౌండ్‌లో గెలవనివాళ్లని కూడా జ్యూరీ ఫైనల్‌కి పిలవొచ్చు. 2017లో స్కాట్లాండ్ మెజ్జో కేట్రియోనా మోరిసన్ తన రౌండ్ గెలవలేదు, వైల్డ్‌కార్డ్‌గా ఫైనల్‌కి వచ్చింది, మొత్తం పోటీనే గెలిచింది. అందుకని మొదటి రాత్రి తీర్పుతోనే ఎవరినీ కొట్టెయ్యకండి.

ఇక రేడియో సంగతి. టీవీలో మొదటిసారి చూస్తే మన కళ్లు చెవుల్ని మింగేస్తాయి. గౌను బావుంది, నవ్వు బావుంది, భుజాలు ధీమాగా ఉన్నాయి, ఇంతలో పాట అయిపోతుంది, గొంతు గురించి ఏమైనా చెప్పమంటే ‘చాలా బాగా పాడింది’ తప్ప ఇంకో మాట రాదు. రేడియోలో ఆ దారి మూసుకుపోతుంది. బీబీసీ రేడియో 3 ప్రసారంలో పాటకీ పాటకీ మధ్య వ్యాఖ్యాత, పక్కన సంగీతం తెలిసిన ఒకరిద్దరు మాట్లాడుతుంటారు. వాళ్లు చెప్పేది విలువైనదే, కానీ ముందే వింటే వాళ్ల అభిప్రాయమే మన అభిప్రాయం అనిపిస్తుంది. చప్పట్లు మొదలవగానే సౌండ్ తగ్గించి మీకు తోచింది రాసేయండి, తర్వాత వాళ్లని వినండి.

మొదటిసారి వింటున్నప్పుడు మాత్రం ఏమీ రాయొద్దు, ఊరికే వినండి. రెండోసారికి ఆరియా మాటలు, వాటి అర్థం ముందు పెట్టుకుని పెన్సిల్ తీయండి. పాడేవాళ్లు ఊపిరి తీసుకున్న ప్రతి చోటా ఆ మాట దగ్గర ఒక గీత గీయండి. ఈ సాధన మొత్తంలో నేను అన్నిటికంటే నమ్మేది ఈ గీతలనే. గొంతు రంగు గురించి పదిమంది పది రకాలుగా చెప్తారు, ఊపిరి ఎక్కడ తీసుకున్నారన్నది మాత్రం వాదన లేని విషయం.

ఒక ఆరియా దగ్గరగా పెట్టుకుని చూద్దాం. మోజార్ట్ ఒపేరా ‘డాన్ జొవానీ’లో డాన్ ఒత్తావియో అనే పాత్ర పాడే ‘ఇల్ మియో తెసోరో’. టెనర్ గొంతుకి (పై స్థాయిలో పాడే మగ గొంతుకి) ఇది పాత పరీక్ష. అందులో ‘చెర్కాతే’ అనే మాట మీద గొంతు ఒకే స్వరం పట్టుకుని నిలబడిపోతుంది, కింద ఆర్కెస్ట్రా కదులుతూ ఉంటుంది. ఆ స్వరం మొదలయ్యే ముందు ఊపిరి లాక్కున్న చప్పుడు వినిపించిందా? మధ్యలో స్వరం నిండుగా పెరిగిందా, లేక సన్నబడి శ్రుతి కిందికి జారిందా? తర్వాత ‘తోర్నార్’ అనే మాట మీద పొడుగాటి పరుగు వస్తుంది, స్వరాలు వరసగా దొర్లుకుంటూ పోతాయి. దాన్ని ఒకే ఊపిరిలో పాడటం గొప్ప. ఐరిష్ టెనర్ జాన్ మెకార్మాక్ 1916లో ఇచ్చిన రికార్డు ఈ పరుగు వల్లే వందేళ్ల తర్వాత కూడా పేరు మోసింది. అయితే ఊపిరి తీసుకున్నంత మాత్రాన తప్పేం కాదు. ఎలా తీసుకున్నారన్నది చూడాలి: మాట విరిగిందా, లయ తడబడిందా, ఊపిరి తర్వాత స్వరం అంతకుముందున్న తీరులోనే మొదలైందా? ఇంకోటి, పరుగులో ప్రతి స్వరం ముందూ ‘హ’ లాంటి చిన్న గాలి తోపు వినిపిస్తుంటే అది సాయం కోసం వేసిన కర్ర అని అర్థం. స్వరాలు విడివిడిగా తెలియాలి, కానీ వాటి మధ్య గాలి వినపడకూడదు.

ఊపిరి ఎంత తేడా చేస్తుందో తెలియాలంటే 1989 పోటీ వినాలి. ఆ ఏడాది సైబీరియా నుంచి వచ్చిన బారిటోన్ (టెనర్ కంటే కింది స్థాయి మగ గొంతు) ద్మిత్రీ హ్వొరొస్తోవ్‌స్కీ పోటీ గెలిచాడు, వేల్స్ కుర్రాడు బ్రిన్ టెర్ఫెల్‌కి లీడర్ ప్రైజ్ (‘లీడర్’ అంటే జర్మన్‌లో పాటలు), అంటే పియానో పాటల బహుమతి వచ్చింది. ఆ ఫైనల్‌ని ఇప్పటికీ బారిటోన్ల యుద్ధం అని చెప్పుకుంటారు. ఇద్దర్నీ వెంటవెంటనే వినండి. హ్వొరొస్తోవ్‌స్కీ పాట ఒకటే పొడుగాటి తీగ, ఎక్కడా తెగదు, ఊపిరి ఎప్పుడు తీసుకున్నాడో వెతుక్కోవాలి. టెర్ఫెల్‌కి మాటే ప్రాణం, ఒక్కో హల్లు దగ్గర మనిషి కనిపిస్తాడు. ఎవరు మేలు అని నన్నడిగితే ఆ రాత్రికి జ్యూరీ మాటే సరి అంటాను, కానీ రెండో గొంతు వినడానికి కూడా నేను ఎంత దూరమైనా వెళ్తాను. ఒపేరాలో గొప్పతనం ఒకే రకంగా ఉండదని ఈ రెండు గొంతులు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు.

ఊపిరి తర్వాత వినాల్సింది అతుకు. ప్రతి గొంతులోనూ కింది స్థాయి నుంచి పై స్థాయికి మారే చోటు ఒకటుంటుంది, దాన్ని పాసాజ్జో అంటారు, టెనర్‌కి అది పియానో మధ్యలోని సి స్వరానికి పైన ఉండే ఎఫ్, ఎఫ్ షార్ప్ స్వరాల చుట్టుపక్కల వస్తుంది. బాగా శిక్షణ ఉన్న గొంతులో అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. లేకపోతే ఆ రెండు మూడు స్వరాల దగ్గర రంగు మారిపోతుంది, గొంతు బిగుసుకుంటుంది, లేదా అరుపులా తెరుచుకుంటుంది. ఆ తర్వాత కంపం, అంటే వైబ్రాటో. సెకనుకి ఐదు నుంచి ఏడు ఊగులు ఉంటే చెవికి హాయిగా ఉంటుంది. అంతకంటే నెమ్మదిగా, వెడల్పుగా ఊగుతుంటే అసలు స్వరం ఏదో తెలియకుండా పోతుంది. చిన్న వయసు గొంతులో ఆ ఊగు వినిపిస్తే, తన గొంతుకి మించిన బరువున్న పాత్ర ఎంచుకుందేమో అని అనుమానించండి. ఏం ఎంచుకున్నారన్నది కూడా పోటీలో భాగమే.

కొత్తవాళ్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది మాటలు తెలియడం లేదని. మగ గొంతుల విషయంలో, మధ్య స్థాయిలో పాడుతున్నప్పుడు ఆ ఫిర్యాదు న్యాయమే. కానీ సొప్రానో బాగా పైకి వెళ్లినప్పుడు అచ్చులన్నీ ‘ఆ’ వైపు ఒరగడం ఆవిడ నిర్లక్ష్యం కాదు. ‘ఇ’, ‘ఉ’ లాంటి అచ్చులకి నోటిలో ఏర్పడే మొదటి ప్రతిధ్వని దాదాపు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సొప్రానో పాడే పై సి స్వరమే 1000 హెర్ట్జ్ దాటుతుంది. స్వరమే అంత పైన ఉన్నాక కింద ఉన్న ఆ ప్రతిధ్వని మోగదు, మన చెవికి అచ్చు తేడా పట్టుకునే ఆధారం ఉండదు. అందుకే ఆవిడ దవడ దించి నోరు పెద్దగా తెరుస్తుంది. అలాంటి చోట మార్కులు కొయ్యకండి, కిందికి దిగాక మాట తేటగా వచ్చిందా అన్నది చూడండి.

ఇప్పుడు టీవీ పెట్టండి. బీబీసీ ఫోర్‌లో వచ్చిన ప్రసారమైనా, దాచుకున్న పాత రికార్డింగ్ అయినా సరే. ఒక జాగ్రత్త: టీవీ బొమ్మ, రేడియో సౌండ్ కలిపి వినొచ్చు కదా అని ప్రయత్నించొద్దు, డిజిటల్ ప్రసారాల్లో రెండూ వేరువేరు ఆలస్యంతో వస్తాయి, పెదవులు ముందు కదిలి పాట తర్వాత వస్తుంటే తల తిరుగుతుంది. టీవీలో చూడాల్సింది ముఖం కంటే ముందు భుజాలు, మెడ. మీరు కాగితం మీద గీత గీసిన చోట భుజాలు పైకి లేచాయా, లేక నడుం చుట్టూ పక్కటెముకలు మాత్రమే విచ్చుకున్నాయా? రేడియోలో బిగుసుకున్నట్టు వినిపించిన స్వరం దగ్గర మెడ నరాలు తేలాయా, గడ్డం ముందుకి పొడుచుకొచ్చిందా? చెవికి అనుమానంగా తోచింది కళ్లకి రుజువై కనిపించినప్పుడు వచ్చే ఆనందం వేరు, అక్కడినుంచి వినడం మీద నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత కళ్లు చూడండి. ఆర్కెస్ట్రా ఒక్కటే వాయిస్తున్న చోట పాడేవాళ్లు పాత్రలోనే ఉన్నారా, లేక తమ వంతు కోసం కండక్టర్ వైపు చూస్తూ నిలబడ్డారా? రంగస్థలం మీద బతకబోయేవాళ్లెవరో వాళ్లు పాడని ఆ క్షణాల్లోనే తెలిసిపోతుంది.

ఇంత చేసినా మనకి అందనిది ఒకటి ఉంది: గొంతు పరిమాణం. మన దగ్గరికొచ్చే శబ్దం మైకుల మీదుగా, సౌండ్ ఇంజినీర్లు సరిచూసిన పాళ్లలో వస్తుంది, చిన్న గొంతూ పెద్ద గొంతూ మన గదిలో ఒకే ఎత్తులో నిలబడతాయి. జ్యూరీ మాత్రం మైకు సాయం లేకుండా హాల్లో కూర్చుని వింటుంది. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. శిక్షణ ఉన్న ఒపేరా గొంతులో దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు చేరుతుంది, ముఖ్యంగా మగ గొంతుల్లో. ఆర్కెస్ట్రా పల్చబడిన ఆ ఖాళీలోంచే గొంతు వెనక వరసదాకా వెళ్తుంది. మంచి హెడ్‌ఫోన్లలో ఆ మెరుపు మనకీ కాస్త తెలుస్తుంది, గొంతు అంచున లోహం మోగినట్టు ఉంటుంది. అది ఉన్న గొంతుకి పక్కన ఒక చుక్క పెట్టుకోండి.

జ్యూరీ తీర్పు మీ తీర్పుతో కలవనప్పుడు ముందుగా వెతకాల్సిన కారణం ఈ గొంతు పరిమాణమే. ప్రేక్షకుల బహుమతి కూడా చాలాసార్లు వేరేవాళ్లకి పోతుంది: 2015లో పోటీ గెలిచింది బెలారుస్ సొప్రానో నదీన్ కూచెర్, ప్రేక్షకులు మెచ్చింది మంగోలియా బారిటోన్ అమర్తువ్‌షిన్ ఎంఖ్‌బాత్‌ని. ఆయన ఇవాళ ఇటలీ స్వరకర్త వెర్డి ఒపేరాల్లోని పాత్రలకి పెద్ద పేరు. 2017లో మోరిసన్ గెలిస్తే ప్రేక్షకుల బహుమతి ఇంగ్లండ్ సొప్రానో లూయీజ్ ఆల్డర్‌కి వెళ్లింది. కాబట్టి మీ ఎంపిక గెలవలేదని మీ చెవిని తిట్టుకోవద్దు, ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యం కాగితం మీద ఉంటే చాలు. ‘బావుంది’ అని రాస్తే లెక్కలోకి రాదు. ‘పై స్వరాలు గట్టిగా వచ్చాయి కానీ మెల్లగా పాడాల్సిన చోట గొంతు వణికింది’ అని రాస్తే అది తీర్పు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: ఏదైనా ఒక ఏడాది ఫైనల్ తీసుకోండి, ఎవరు గెలిచారో మీకు తెలియని ఏడాది అయితే ఇంకా మంచిది. ఐదుగురినీ బొమ్మ లేకుండా వినండి, ఒకే రోజు అందరినీ వినొద్దు, చెవి అలిసిపోతే చివర పాడినవాళ్లకి అన్యాయం జరుగుతుంది. ఒక్కొక్కరికీ ఊపిరి గీతలు, అతుకు గురించి ఒక మాట, చివర ఒక వాక్యం రాసి, ఐదుగురికీ వరస ఇవ్వండి. అప్పుడు బొమ్మతో చూసి, వరస మారితే పాతది కొట్టెయ్యకుండా పక్కనే కొత్తది రాయండి. ఫలితం ఆ తర్వాతే చూడండి. ఆ రెండు వరసలున్న కాగితం దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠం దానితోనే మొదలవుతుంది, అందులో పియానో పక్కన పాడే సాంగ్ ప్రైజ్‌ని పట్టుకుందాం.