యూదుల కేలండర్ – 3వ పాఠం: రోష్ హషానా ఏ వారం పడుతుంది?

అధికమాసం ఎప్పుడొస్తుందో కిందటి పాఠంలో చూశాం. సంవత్సర సంఖ్యను 19తో భాగిస్తే శేషం 3, 6, 8, 11, 14, 17, 0లలో ఏదొచ్చినా ఆ ఏటికి 13 నెలలు, లేకపోతే 12. మనకు సంక్రమణం లేని నెల అధికమవుతుంది, అది ఒక్కోసారి ఒక్కో నెల. వాళ్లకు మాత్రం ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం, వాళ్ల అధిక అదార్ మాత్రం 2027 ఫిబ్రవరి, మార్చిలో.

ఈ పాఠంలో పని ఒకటే: తిష్రీ నెల మొదటి రోజు, అంటే రోష్ హషానా (యూదుల సంవత్సరాది), ఏ వారం పడుతుందో కాగితం మీద తేల్చడం. అది తేలితే ఆ ఏటి పండగలన్నీ తేలినట్టే.

దీనికి మూలం మోలద్. అంటే సగటున లెక్కగట్టిన అమావాస్య. ఒక మోలద్‌కీ తర్వాతి మోలద్‌కీ మధ్య 29 రోజుల 12 గంటల 793 హలాకిం. గంటకు 1080 హలాకిం. ఇది సగటే కాబట్టి మన పంచాంగంలోని అమావాస్యతో కొన్ని గంటలు తేడా వస్తుంది. లెక్క తప్పిందని కొట్టేయకండి.

వారం తేలడానికి నిండు వారాలు తీసేసి మిగిలింది కలిపితే చాలు. 12 నెలలకు 4 రోజుల 8 గంటల 876 హలాకిం. 13 నెలలకు 5 రోజుల 21 గంటల 589. ఆదివారం 1 నుంచి శనివారం 7 దాకా అంకెలు వేసుకోండి.

కొత్తవాళ్లు పొరబడేది గంటల దగ్గరే. మనకు రోజు సూర్యోదయంతో మొదలు, వాళ్లకు సూర్యాస్తమయంతో. లెక్కలో సున్నా గంట అంటే ముందురోజు సాయంత్రం ఆరు. 18 గంటలంటే సాయంత్రం ఆరు కాదు, మధ్యాహ్నం పన్నెండు.

ఇక లెక్క. యూదుల 5786వ సంవత్సరపు తిష్రీ మోలద్ సోమవారం 18 గంటల 187 హలాకిం (2–18–187). మొదటి నియమం: మోలద్ మధ్యాహ్నానికి గానీ ఆ తర్వాత గానీ పడితే పండగ మర్నాటికి జరుగుతుంది. కాబట్టి మంగళవారం, 2025 సెప్టెంబర్ 23.

5786కు 12 నెలలే. 4–8–876 కలపండి. 187కు 876 కలిపితే 1063, గంట నిండలేదు. 18కి 8 కలిపితే 26, అంటే ఒక రోజు పోగా 2. రోజులు 2, 4, పైన వచ్చిన 1: మొత్తం 7. 5787 మోలద్ శనివారం 2–1063. అడ్డేమీ లేదు, శనివారమే, 2026 సెప్టెంబర్ 12.

5787ను 19తో భాగిస్తే శేషం 11, అధికమాసం ఉంది. 5–21–589 కలిపితే శుక్రవారం 0–572 వస్తుంది. ఇక్కడ రెండో నియమం అడ్డొస్తుంది: రోష్ హషానా ఆది, బుధ, శుక్రవారాల్లో రాకూడదు. బుధవారమైతే యోమ్ కిప్పూర్ (పనులు మానేసే ఉపవాస దినం, తిష్రీ 10) శుక్రవారం, శుక్రవారమైతే అది ఆదివారం పడుతుంది. అప్పుడు శబ్బాత్‌తో (పనులు మానేసే శనివారంతో) కలిపి వరసగా రెండు రోజులు వంటకూ ఖననానికీ వీలుండదు. ఆదివారమైతే విల్లో రెమ్మలు నేలకు కొట్టే హోషానా రబ్బా (తిష్రీ 21) శబ్బాత్ నాడు పడుతుంది. అందుకే 5788 మొదలయ్యేది శనివారం, 2027 అక్టోబర్ 2.

అసలు మజా 5789లో ఉంది. 5788కి 12 నెలలు. కలిపితే మంగళవారం 9–368. మంగళవారం నిషిద్ధం కాదు, మధ్యాహ్నమూ కాలేదు. అయినా పండగ గురువారానికి పోతుంది (2028 సెప్టెంబర్ 21). ఎందుకో తెలియాలంటే ఇంకో ఏడాది ముందుకు వెళ్లండి: 5790 మోలద్ శనివారం 18–164. మధ్యాహ్నం దాటింది కనుక ఆదివారం, అది కుదరదు కనుక సోమవారం. 5789 మంగళవారమే మొదలై ఉంటే ఆ ఏటికి 356 రోజులు వచ్చేవి. 12 నెలల ఏటికి 353, 354, 355 తప్ప ఇంకో కొలత లేదు. అందుకే మూడో నియమం: 12 నెలల ఏట మోలద్ మంగళవారం 9–204 లేదా ఆ తర్వాతైతే గురువారానికి జరపాలి. ఆ 9–204కు 4–8–876 కలిపి చూడండి, సరిగ్గా శనివారం 18 గంటలు వస్తుంది. హద్దు అక్కడే పెట్టడానికి కారణం అదే.

నాలుగోది అరుదు: అధికమాసం ఉన్న ఏటి తర్వాతి ఏట మోలద్ సోమవారం 15–589 లేదా ఆ తర్వాతైతే మంగళవారం.

ఇప్పుడు ఏడాది పొడవు. వరస రెండు రోష్ హషానాల వారాల తేడా 3, 4, 5 అయితే 12 నెలల ఏటికి వరసగా 353, 354, 355 రోజులు. 13 నెలల ఏటికి తేడా 5, 6, 0 అయితే 383, 384, 385. ఈ హెచ్చుతగ్గులన్నీ తిష్రీ తర్వాతి రెండు నెలలు హెష్వాన్, కిస్లేవ్‌లవే: చిన్న ఏట రెండూ 29, మధ్యస్థంలో 29, 30, పెద్ద ఏట రెండూ 30. 5787 శనివారం నుంచి శనివారానికి, కనుక 385, రెండూ 30.

దీన్నిబట్టి 5787 పండగలు: యోమ్ కిప్పూర్ (తిష్రీ 10) సెప్టెంబర్ 21. దీపాల పండగ హనుక్కా (కిస్లేవ్ 25) డిసెంబర్ 5, మొదటి దీపం 4వ తేదీ సాయంత్రం. పెసహ్ పండగకు (నిసాన్ 15) దగ్గరిదారి ఉంది: వచ్చే రోష్ హషానాకు సరిగ్గా 163 రోజుల ముందు, ఎందుకంటే నిసాన్ నుంచి ఎలుల్ దాకా నెలలు మారవు. 2027 అక్టోబర్ 2 నుంచి వెనక్కి లెక్కిస్తే ఏప్రిల్ 22, గురువారం. దానికి 30 రోజుల ముందు పూరిం, మార్చి 23. ఇది రెండో అదార్‌లో. మొదటి అదార్ 14న వెతికితే నెల ముందే పండగ చేసినట్టవుతుంది.

అభ్యాసం: 5791 రోష్ హషానా తేల్చండి. 5790 శేషం 14 అని మరవకండి. జవాబు: మోలద్ శుక్రవారం 15–753, పండగ శనివారం, 2030 సెప్టెంబర్ 28, 5790కి 383 రోజులు.