ఈశాన్య వానలకు ముందే చిన్న రేడియో టవరు మరమ్మతు: జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మేడ మీదో పొలంలోనో పది, పదిహేను మీటర్ల ఎత్తున, చుట్టూ లాగి కట్టిన ఉక్కు తీగలతో (స్టే వైర్లతో) నిలబడే టవరు ఉంటే, దెబ్బతిన్న చోట్లను సెప్టెంబరులోనే సరిచేసుకోండి. వాయుగుండం కబురు వచ్చాక టవరు ఎక్కడం సాహసం కూడా కాదు, తెలివితక్కువతనం.

ముందు కింద నుంచే చూడాలి. గాలి ఆడని తెల్లవారు వేళ తూకంగుండు దారాన్ని కంటి ముందు పట్టుకుని, ఒక పక్క నుంచీ, దానికి అడ్డంగా ఇంకో పక్క నుంచీ టవరుతో సరిచూడండి. 15 మీటర్ల టవరు కొన 4 సెంటీమీటర్లకు మించి, అంటే దాదాపు కాలు పైపు లావంత, పక్కకు పోతే స్టే సడలిందనో, దాన్ని నేలలో పట్టి ఉంచే యాంకరు కదిలిందనో అర్థం. యాంకరు కడ్డీ చుట్టూ మట్టి బీట తీసిందేమో చూడండి. తుప్పు నేల మట్టానికి కిందే ఎక్కువ తింటుంది కాబట్టి అడుగు లోతు తవ్వి చూడాలి. అయితే ఒకసారికి ఒక్క యాంకరే.

పైపు కాళ్లలో దిగిన నీరు బయటికి పోవడానికి అడుగున చిల్లులుంటాయి. దిమ్మెకు సిమెంటు పూసేటప్పుడు వాటిని మూసేస్తుంటారు. పైన సిల్వర్ పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల పైపు అప్పడంలా పలచబడుతుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనకుండా మొద్దుగా మోగితే ఆ టవరు ఎక్కొద్దు, క్రేనుతో దించాల్సిందే. వంగిన కాలును కాల్చి సాపు చేయడం, పైనే వెల్డింగ్ కొట్టడం రెండూ వద్దు. జింకు పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. టవరులో ఆ ముక్కనే (సెక్షన్) మార్చాలి. బోల్టులతో బిగించిన అడ్డ కమ్మీలైతే ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు.

అసలు ప్రమాదం స్టే మార్చేటప్పుడే. పాతది విప్పి తర్వాత కొత్తది కడదామనుకుంటే టవరు ఆ మధ్యలోనే పడుతుంది. ముందు అదే ఎత్తులో, అదే దిక్కున, వేరే గట్టి యాంకరుకు ఉక్కు తీగతో తాత్కాలిక స్టే కట్టండి. నైలాన్ తాడు సాగుతుంది, పనికిరాదు. బిగువంతా దాని మీదికి వచ్చాక పాత స్టేను కింద టర్న్‌బకిల్ (తిప్పి తీగ బిగువు పెంచే, తగ్గించే మర) దగ్గర మెల్లగా వదలండి. ఆ సమయంలో టవరు మీద మనిషి ఉండకూడదు. కాసేపు గమనించి, కదలిక లేకపోతేనే పైకి ఎక్కి ఊడదీయాలి.

కొత్త తీగ మెలికలో థింబుల్ (తీగ నలగకుండా ఆపే లోహపు గాడి) పెట్టండి. 8 మిల్లీమీటర్ల తీగకు మూడు యూ క్లాంపులు, మధ్య 5 సెంటీమీటర్ల ఎడం. క్లాంపులోని గాడి దిమ్మ (సాడిల్) బరువు మోసే తీగ మీద, యూ బోల్టు మడిచిన కొస మీద పడాలి. తిరగేస్తే యూ బోల్టు బరువు మోసే తీగనే నలిపేస్తుంది. బిగువు తీగ తెగే బలంలో పదో వంతు చాలు. మరీ బిగిస్తే కాళ్ల మీద భారం పెరుగుతుంది. టర్న్‌బకిల్ తనంతట తిరగకుండా సన్న తీగతో కట్టేయండి. వారం తర్వాత క్లాంపులు మళ్లీ బిగించాలి.

ట్రాన్స్‌మిటర్ ఆపి, ఫ్యూజు తీసి ఎక్కేవాళ్ల జేబులోనే ఉంచుకోవాలి. టవరు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో కరెంటు తీగలుంటే కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ వాళ్లతో లైను ఆపించాకే పని మొదలుపెట్టండి. ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు హుక్కులు తప్పనిసరి. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. శేషాచలం మీద మధ్యాహ్నం మబ్బు పట్టే రోజుల్లో ఉదయమే ముగించండి. ఉరుము వినిపించగానే దిగి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పని కోసం ఊడదీసిన ఎర్తు పట్టీని అదే రోజు మళ్లీ బిగించండి.