స్నేహితుడికి ఫోన్ ఇచ్చేటప్పుడు మన సమాచారం బయటపడకుండా ఎలా చూసుకోవాలి?

స్నేహితుడు ఫోన్ అడిగితే కాదనలేం, అనాల్సిన అవసరమూ లేదు. కానీ ఫోన్లో ఉన్నవి మన విషయాలు మాత్రమే కావు. మనల్ని నమ్మి ఎవరో చెప్పుకున్న కష్టం, ఇంట్లోవాళ్ల మెడికల్ రిపోర్టులు, ఆఫీసు మెయిల్స్ కూడా అందులోనే ఉంటాయి. వాటిని దాచుకున్నంత మాత్రాన స్నేహితుడిని అనుమానించినట్టు కాదు. అతను ఏమీ వెతక్కపోయినా, ఫోన్ చేతిలో ఉండగా పైనుంచి దిగే ఒక్క నోటిఫికేషన్ చాలు. అందుకే ఫోన్ మొత్తం కాకుండా, అడిగిన పని మేరకే తెరిచి ఇవ్వాలి. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా సెట్టింగ్స్ వెతుక్కోవడం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి కింది ఏర్పాట్లు తీరిగ్గా ఉన్నప్పుడే చేసి పెట్టుకోండి.

1. ఒక్క యాప్‌లోనే ఉండేలా చేయండి

ఆండ్రాయిడ్ ఫోన్లలో 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉంది. సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘యాప్ పిన్నింగ్’ అని వెతికి ఆన్ చేయండి. దాని కిందే, పిన్ తీసేటప్పుడు స్క్రీన్ లాక్ అడగాలా అనే ఆప్షన్ ఉంటుంది. అది కూడా తప్పకుండా ఆన్ చేయాలి, లేకపోతే ఎవరైనా బయటికి వచ్చేయొచ్చు. ఫోన్ ఇచ్చే ముందు కావాల్సిన యాప్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ ఐకాన్ నొక్కి ‘పిన్’ ఎంచుకోండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పేర్లు కొద్దిగా మారతాయి.

ఐఫోన్‌లో ఇదే పనికి ‘గైడెడ్ యాక్సెస్’ ఉంది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆన్ చేసి, దానికి వేరే పాస్‌కోడ్ పెట్టండి. తర్వాత ఏ యాప్‌లో ఉన్నా సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే మొదలవుతుంది (హోమ్ బటన్ ఉన్న మోడళ్లలో ఆ బటన్). టచ్ పనిచేయకుండా ఆపొచ్చు, ఇన్ని నిమిషాలే అని టైమ్ కూడా పెట్టొచ్చు. ఈ విషయంలో ఐఫోన్ ఏర్పాటే మెరుగని నా అభిప్రాయం.

2. ఎక్కువసేపు ఇవ్వాలంటే గెస్ట్ మోడ్

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘యూజర్స్’ విభాగంలో గెస్ట్ ఉంటుంది. అందులోకి మారితే మీ ఫొటోలు, మెసేజ్‌లు, ఖాతాలు ఏవీ కనిపించవు. పని అయ్యాక గెస్ట్‌ను తొలగిస్తే స్నేహితుడి లాగిన్లూ పోతాయి. సామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో మామూలుగా ఇది ఉండదు. వాటిలో ముఖ్యమైనవి విడిగా లాక్ ఉండే ‘సెక్యూర్ ఫోల్డర్’లోకి మార్చుకోండి.

3. తొంగిచూసే దారులు మూయండి

లాక్ స్క్రీన్ మీద మెసేజ్ సారాంశం కనపడకుండా చేయండి, ఓటీపీలు కూడా అక్కడే కనిపిస్తాయి. ఇచ్చే ముందు ‘డు నాట్ డిస్టర్బ్’ కూడా ఆన్ చేయండి. వాట్సాప్‌లో సున్నితమైన చాట్‌ను నొక్కి పట్టుకుంటే ‘లాక్ చాట్’ వస్తుంది. దాన్ని ఎంచుకుంటే నోటిఫికేషన్‌లో పేరు కూడా పడదు. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 నుంచి చాలా యాప్‌లను ఫేస్ ఐడీతో లాక్ చేయొచ్చు.

4. అడిగిన పనిని బట్టి ఇవ్వండి

ఫొటో తీయడానికి అడిగితే ఫోన్ అన్‌లాక్ చేయొద్దు. లాక్ స్క్రీన్ నుంచే కెమెరా తెరిచి ఇవ్వండి. అప్పుడు ఆ కాసేపట్లో తీసినవే కనిపిస్తాయి, పాత గ్యాలరీ తెరవాలంటే లాక్ అడుగుతుంది. ఈ ఒక్క అలవాటు చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

మీ ఫొటో ఒకటి చూపించాలంటే మాత్రం జాగ్రత్త. గ్యాలరీని పిన్ చేసినా వేలితో పక్కకి జరిపితే తర్వాతి ఫొటో వచ్చేస్తుంది. ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ పెట్టి టచ్ ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫొటో పంపించేయడమే సులువు.

కాల్ కోసమైతే నంబర్ మీరే డయల్ చేసి ఇవ్వండి. అవతలి మనిషి చెప్పే నంబర్ స్టార్, హ్యాష్ గుర్తులతో మొదలైతే అసలు డయల్ చేయొద్దు. అలాంటి కోడ్‌లలో కొన్ని మీ కాల్స్‌ను వేరే నంబర్‌కి మళ్లిస్తాయి. ఫోన్ అడిగింది ముక్కూమొహం తెలియని మనిషైతే ఇది మరీ ముఖ్యం. అనుమానం వస్తే ##002# డయల్ చేయండి, చాలా నెట్‌వర్క్‌లలో ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

కావాల్సింది ఇంటర్నెట్ మాత్రమే అయితే, అతని దగ్గర ఇంకో ఫోనో ల్యాప్‌టాపో ఉంటే హాట్‌స్పాట్ ఇవ్వండి, మీ ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది.

ఏ సందర్భంలోనూ పాస్‌కోడ్ మాత్రం చెప్పకండి. అది తెలిస్తే కొత్త వేలిముద్ర చేర్చుకోవచ్చు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడొచ్చు. స్క్రీన్ ఆరిపోతే మళ్లీ మీరే అన్‌లాక్ చేసి ఇవ్వండి. ఎప్పుడో చెప్పి ఉంటే ఈరోజే మార్చేయండి.

5. ఫోన్ తిరిగి వచ్చాక

వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూడండి. అందులో మీకు తెలియని కంప్యూటర్ ఉంటే వెంటనే లాగౌట్ చేయండి, ఎందుకంటే ఫోన్ మీ దగ్గరికి వచ్చేసినా చాట్‌లు అక్కడ కనిపిస్తూనే ఉంటాయి. సెట్టింగ్స్‌లో వేలిముద్రల జాబితా, కొత్తగా వచ్చిన యాప్‌లు కూడా ఒకసారి చూసుకోండి. బ్రౌజర్‌లో స్నేహితుడు తన మెయిల్ తెరిచి ఉంటే, అతని ఖాతా లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ సేవ్ అయిందేమో చూసి తీసేయండి.