వంశవృక్షం గీద్దాం – 6: ఇంటిపేరు మారిన ఆడవాళ్ళ ఆచూకీ

గత పాఠంలో భూమి కాగితాలు పట్టుకుని మగవాళ్ళ వరసలో వెనక్కి వెళ్ళాం. అది కాస్త తేలిక. తండ్రి పేరు, కొడుకు పేరు, పొలం హద్దులు ఒకదానికొకటి అతుకుతాయి, ఇంటిపేరు మారదు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి దారి తెగుతుంది. పెళ్ళికి ముందు తండ్రి కింద, పెళ్ళయ్యాక భర్త కింద, పెద్దవయసులో కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ఒక వరుసలో కనిపిస్తారు. మధ్యలో దేశం కూడా మారితే చాలామంది అక్కడే వదిలేస్తారు.

ఈసారి నేర్చుకునే పద్ధతి ఒక్కటే. ఆమె పేరు పెట్టి వెతకడం కాసేపు ఆపి, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళను వెతకాలి.

అభ్యాసానికి ఇంగ్లండ్ నుంచి వెళ్ళి కెనడాలోని ఒక చిన్న ఊళ్ళో స్థిరపడిన కుటుంబాన్ని తీసుకుంటున్నాను. మన జనగణనలో ఒక్కో మనిషి వివరాలు గోప్యంగా ఉంచుతారు. కెనడా పాత జనాభా లెక్కల షీట్లను మాత్రం లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైట్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 1931 లెక్కలు కూడా 2023 జూన్‌లో బయటికొచ్చాయి. ముందు ఇక్కడ చెయ్యి తిరిగితే, సొంత అమ్మమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు టెన్షన్ ఉండదు.

మన మనిషి కేథరిన్ పార్ ట్రెయిల్. రచయిత్రి కాబట్టి ఆమె జీవితం అంతా నమోదై ఉంది, మన జవాబులు సరిచూసుకోవచ్చు. 1802 జనవరి 9న పుట్టింది. 1832 మేలో థామస్ ట్రెయిల్ అనే సైనికాధికారిని పెళ్ళాడి, ఆ వేసవిలోనే ఓడెక్కింది. తొమ్మిదిమంది పిల్లల్ని కంది, ఇద్దరు పసితనంలోనే పోయారు. 1899 ఆగస్టు 29న, 97 ఏళ్ళ వయసులో, అంటారియోలోని లేక్‌ఫీల్డ్‌లో కన్నుమూసింది.

ఎందుకు ఆ ఊరే?

వలస వచ్చినవాళ్ళ విషయంలో ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది. అంత పెద్ద దేశంలో పీటర్‌బరో ఊరి పక్కనున్న డూరో అడవులకే (తర్వాత లేక్‌ఫీల్డ్ లేచింది అక్కడే) ఎందుకొచ్చారు? ఆమె పుట్టింటిపేరు స్ట్రిక్‌ల్యాండ్. తమ్ముడు శామ్యూల్ 1825లోనే కెనడా చేరాడు, 1831 నాటికి డూరోలో అడవి నరుకుతున్నాడు. అక్క అతని పక్కకే వచ్చింది. చెల్లెలు సుసానా మూడీ కూడా 1832లోనే భర్తతో వచ్చి, మొదట కోబర్గ్ దగ్గర ఉండి, 1834లో అదే అడవిలోకి మారింది.

శామ్యూల్ రెండో భార్య మేరీ రీడ్. ఆమె తండ్రి రాబర్ట్ రీడ్ డూరోలో ముందుగా దిగినవాళ్ళలో ఒకడు. ఆ రీడ్‌కి బావమరిది వరసైన స్టూవర్ట్ కుటుంబం అక్కడే ఉంది. అంటే స్ట్రిక్‌ల్యాండ్, ట్రెయిల్, మూడీ, రీడ్, స్టూవర్ట్: అయిదు ఇంటిపేర్లు, ఒకే చుట్టరికం. షీటులో మీ మనిషి దొరికాక ఆ పేజీతో ఆగకండి. ముందు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు తిరగేసి, పక్కిళ్ళ పేర్లన్నీ రాసుకోండి. పెళ్ళి రిజిస్టర్లో సాక్షి సంతకాలు, బాప్టిజంలో జ్ఞానపితల (గాడ్‌పేరెంట్స్) పేర్లు కూడా ఆ పట్టికలోకే వెళ్ళాలి. పుట్టింటిపేరు ఎక్కువసార్లు అక్కడే బయటపడుతుంది.

వయసు లెక్క

ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

'1851 జనాభా లెక్కలు' అని పేరున్న కెనడా లెక్కలు నిజానికి 1852 జనవరి 12 నాటి స్థితికి తీసుకున్నవి. పైగా అందులో అడిగింది అప్పటికి నిండిన వయసు కాదు, రాబోయే పుట్టినరోజుకి నిండే వయసు. కేథరిన్‌కి ఆ తేదీకి మూడు రోజుల ముందే 50 నిండాయి. నియమం ప్రకారం ఆమె పేరు పక్కన 51 ఉండాలి. ఇది తెలియనివాళ్ళు 1851లోంచి 51 తీసేసి పుట్టిన ఏడు 1800 అని రాసుకుంటారు. రెండేళ్ళు తేడా! అదే ఏడాదిలో ఇంకో కేథరిన్ పుట్టి ఉంటే వంశవృక్షం పక్కింటివాళ్ళది అయిపోతుంది.

1861 లెక్కలదీ ఇదే పద్ధతి, తేదీ జనవరి 14. 1881 ఏప్రిల్ 4 నాటి లెక్కల్లో మాత్రం నిండిన వయసే రాయాలి, కాబట్టి ఆమెకి 79. తీసివేస్తే 1802 సరిగ్గా వస్తుంది. లెక్కల తేదీ, ఏ వయసు అడిగారు అన్నది ముందు రాసుకోకుండా తీసివేత చేయకండి. నియమం అలా ఉన్నా, ఇంటికొచ్చిన మనిషికి వయసు చెప్పినవాళ్ళు నోటికొచ్చింది చెప్పి ఉండొచ్చు. ఒక్క షీటుని నమ్మొద్దు, మూడింటిని పక్కపక్కన పెట్టండి.

వలస వచ్చిన ఏడు ఏదని కెనడా లెక్కల్లో అడగడం 1901తో మొదలైంది. కేథరిన్ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఓడ జాబితాలా? క్వెబెక్ రేవులో దిగినవాళ్ళ జాబితాలు క్రమంగా దొరికేది 1865 నుంచి. 1832 నాటి ప్రయాణం ఆమె ఉత్తరాల్లోనే ఉంది: గ్రీనాక్ రేవులో లారెల్ అనే ఓడ ఎక్కారు, మాంట్రియల్‌లో దిగాక ఆమెకి కలరా సోకింది. ఆ ఏడు కలరా సెయింట్ లారెన్స్ నది పొడుగునా ఎంతోమందిని తీసుకుపోయింది. కుటుంబ ఉత్తరాలు కూడా ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి.

ఊరు కుదరకపోతే

లేక్‌ఫీల్డ్ మనిషి కదా అని 1852లో లేక్‌ఫీల్డ్‌లో వెతికితే దొరకదు. మొదటి కారణం, ఆ ఊరికి అప్పటికి ఆ పేరు లేదు. సెల్బీ అనీ, నార్త్ డూరో అనీ వేరే పేర్లుండేవి. రెండోది, ట్రెయిల్ దంపతులు 1839లో డూరో పొలం అమ్మేశారు. ఆ తర్వాత ఇళ్ళు మారుతూ దక్షిణాన రైస్ లేక్ ఒడ్డుకు చేరారు. 1857లో అక్కడి ఇల్లు కాలిపోయింది, 1859లో భర్త పోయాడు. ఆ తర్వాతే ఆమె కూతుళ్ళతో తమ్ముడి ఊరైన లేక్‌ఫీల్డ్‌కి వచ్చింది. ఇల్లు కాలడం, భర్త పోవడం లాంటివి తెలిసినప్పుడు వెంటనే పుట్టింటివాళ్ళు ఎక్కడున్నారో చూడండి. విధవరాలు చాలాసార్లు అటే కదులుతుంది. మన ఊళ్ళలోనూ అంతేగా.

ఇంగ్లండ్ వైపు ఇంకో తిరకాసు. కేథరిన్ తూర్పు ఇంగ్లండ్‌లోని సఫక్‌లో పెరిగింది, పెళ్ళి కూడా అక్కడి రేడన్‌లోనే. దాంతో పుట్టుక కూడా సఫక్‌లోనే వెతకబుద్ధవుతుంది. ఆమె పుట్టింది లండన్ దగ్గర రాదర్‌హైద్‌లో. ఇంగ్లండ్‌లో జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837 జులై 1న మొదలైంది, కాబట్టి అంతకుముందు పుట్టినవాళ్ళకి చర్చి రిజిస్టర్లే దిక్కు. చర్చి తెలియాలంటే ఊరు తెలియాలి. కెనడా షీట్లు ఊరు చెప్పవు, 'ఇంగ్లండ్' అని వదిలేస్తాయి. అక్కడ కూడా తోబుట్టువులను పట్టుకోండి. సుసానా 1803లో సఫక్‌లోని బంగేలో పుట్టింది. అంటే ఆ రెండు కాన్పుల మధ్యే కుటుంబం తూర్పుకి కదిలిందన్నమాట.

'పార్' అన్న పేరు సంగతి. ఎనిమిదో హెన్రీ చివరి భార్య కేథరిన్ పార్‌తో తమకి బంధుత్వం ఉందని ఆ ఇంట్లో నమ్మకం. ఇలాంటివి వింటే కొట్టిపారేయకండి, చెట్టు మీదకీ ఎక్కించకండి. 'ఇంట్లో అనుకునేవి' అని విడిగా ఒక కాగితం పెట్టుకుని అక్కడ రాయండి. నా అనుభవంలో ప్రతి కుటుంబంలోనూ ఒక రాజుగారుంటారు.

పిల్లల పేర్లు

ఇంగ్లీషు కుటుంబాల్లో తల్లి పుట్టింటిపేరు పిల్లల మధ్యపేరుగా దాక్కుంటుంది. ట్రెయిల్ పెద్దకూతురు కేట్ పూర్తిపేరులో ఆగ్నెస్ స్ట్రిక్‌ల్యాండ్ అని ఉంది. ఆగ్నెస్ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయిన పెద్దమ్మ పేరు. కేట్ పెళ్ళి చేసుకోకుండా తల్లితోనే లేక్‌ఫీల్డ్ ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళికాని కూతురు ఉన్న ఇల్లు కనిపిస్తే పరిశోధకుడికి పండగే, ఉత్తరాలూ ఫొటోలూ దాచేది ఆమే.

భూమి మాత్రం ఎప్పుడూ భర్తల పేరుమీదే. కేథరిన్‌కి సొంతంగా పట్టా దక్కింది 1893లో, 91 ఏళ్ళ వయసులో. కెనడా ప్రభుత్వం పోలీ కౌ అనే బుల్లి దీవిని ఆమెకిచ్చింది.

తర్వాత వచ్చినవాళ్ళైతే

1869 తర్వాత వచ్చిన ఇంగ్లీషు నాయనమ్మ అయితే ఒక విషయం తప్పక చూడాలి. అనాథలనీ, పేద ఇళ్ళ పిల్లలనీ బ్రిటన్ సంస్థలు దాదాపు లక్షమందిని కెనడా పంపాయి. 'హోమ్ చిల్డ్రన్' అంటారు. బర్నార్డో సంస్థ ఆడపిల్లలను దింపిన హేజెల్‌బ్రే భవనం పీటర్‌బరోలోనే ఉండేది. అక్కణ్ణుంచి పొలాలకీ ఇళ్ళకీ పనికి పంపేవారు. పెద్దయ్యాక వాళ్ళలో చాలామంది ఆ సంగతి పిల్లలకు కూడా చెప్పలేదు. ఇంట్లో 'పిన్నితో వచ్చింది' అని చెప్పుకున్నా, ఓడ జాబితాలో ఆమె చుట్టూ ఒకే ఈడు ఆడపిల్లల పేర్లు వరసగా ఉండి, అదే ఇంటిపేరుతో పెద్దవాళ్ళెవరూ లేకపోతే అనుమానించండి. ఆర్కైవ్స్ సైట్లో ఈ పిల్లల పేర్ల సూచిక విడిగా ఉంది. దొరికితే కుటుంబంలో పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలో ముందు ఆలోచించి చెప్పండి.

అభ్యాసం

ఒకటి: సుసానా మూడీ 1803 డిసెంబర్ 6న పుట్టింది. 1852 జనవరి 12 నాటి షీటులో, 1881 ఏప్రిల్ 4 నాటి షీటులో ఆమె వయసు ఎంత ఉండాలి? ఆ ఏటిలోంచి వయసు తీసేస్తే ఒకచోట పుట్టిన ఏడు సరిగ్గా వస్తుంది, ఇంకోచోట ఒక ఏడు జారుతుంది. ఎక్కడ, ఎందుకు?

రెండు: సుసానా కూతురు ఆగ్నెస్ 1833లో పుట్టింది. ఈమెకి కేథరిన్ పెద్దమ్మ. ఇద్దరూ కలిసి 1868లో కెనడా అడవిపూల మీద పుస్తకం తెచ్చారు, బొమ్మలు ఆగ్నెస్‌వి. 1850లో ఫిట్జ్‌గిబన్ ఇంటి కోడలైంది, 1865లో భర్త పోయాడు, 1870లో ఛాంబర్లిన్ అనే ఆయన్ని పెళ్ళాడింది. 1852, 1861, 1871 లెక్కల్లో ఆమెను ఏ ఇంటిపేరుతో వెతకాలో రాసి, ఆ తర్వాత మాత్రమే సైటు తెరవండి.