పాత వాల్వు స్టీరియో కన్సోల్‌పై చెయ్యి వేసే ముందు

ఈ జాగ్రత్తలు 1960ల నాటి అమెరికన్ కన్సోళ్లకు, అంటే రికార్డు ప్లేయరూ, వాల్వులతో (గాజు వాక్యూమ్ ట్యూబులతో) నడిచే ఆంప్లిఫయరూ, స్పీకర్లూ ఒకే చెక్క పెట్టెలో ఉండే సెట్లకు.

• పనిచేస్తుందేమోనని ప్లగ్ పెట్టి చూడొద్దు. ఏళ్లుగా వాడని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును నిల్వచేసే భాగాలు) షార్టయితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కెపాసిటర్లు కొత్తవి దొరుకుతాయి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు.

• అవి మార్చాక కూడా తొలిసారి 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో (సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండానే పోయేలా) పెట్టే కరెంటివ్వాలి. వెలిగి మసకబారితే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఆపేయండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.

• ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300–400 ఓల్టుల డీసీ నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం పాత అలవాటు, చెడ్డ అలవాటు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ క్లిప్పులతో కెపాసిటర్ రెండు కొనలకూ కొన్ని సెకన్లు పట్టించి, ఓల్టు మీటర్ సున్నా దగ్గరికి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

• స్పీకర్లు తగిలించకుండా ఆంప్లిఫయర్ నడపొద్దు.

• ఆంప్లిఫయర్‌లో ఒక దశ నుంచి తర్వాతి దశకు సిగ్నల్ అందించే మైనపు కాగితం కెపాసిటర్లు చూపుకి బాగున్నా నమ్మొద్దు. లీకైతే స్పీకర్లను నడిపే అవుట్‌పుట్ వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్‌కి పాజిటివ్ ఓల్టేజీ చేరి, ఆ వాల్వులోని లోహపు ప్లేటు ఎర్రగా కాలుతుంది. అదే విలువలో 630 ఓల్టుల ఫిల్మ్ రకం వేయాలి.

• రికార్డు ఛేంజర్ (రికార్డులను దానంతటదే మార్చే యంత్రం) బిగుసుకుంటే టోన్‌ఆర్మ్‌ను (ముల్లు ఉండే చెయ్యిని) బలవంతంగా తిప్పొద్దు. గట్టిపడిన గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కరిగించాలి. మోటారు తిప్పుడును పళ్లేనికి అందించే రబ్బరు ఐడ్లర్ చక్రానికి నూనె చుక్క కూడా తగలకూడదు, తగిలితే జారుతుంది.

• మన 230 ఓల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అది ఓల్టేజీనే తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్ మోటారు మన 50 హెర్ట్జ్‌పై రికార్డును నిమిషానికి 33⅓ బదులు సుమారు 28 చుట్లే తిప్పుతుంది. ముందే మోటారుకు తగిలించే 50 హెర్ట్జ్ పుల్లీ (వేగం సరిచేసే చిన్న చక్రం) చూసుకోండి.